అత్త టైపు చేసిన ఒక్క లైను

బుధవారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. నేను ఆఫీసులో ఉండే వేళ అమ్మ ఎప్పుడూ చేయదు. ఎత్తగానే, "అత్త పోయింది మే," అంది. ఏ అత్త అని నేను అడగలేదు. మాకు అత్తలు చాలామందే ఉన్నారు గానీ, పేరూ ఊరూ చెప్పకుండా ఒట్టి అత్త అంటే పాండిచ్చేరి ముదలియార్‌పేటలో మా వీధి మొత్తానికి ఒక్కతే. పొద్దున కొట్టు షట్టరు ఎత్తుదామని వంగిందట. వంగిన మనిషి అలాగే మెట్టు మీద కూర్చుండిపోయిందట. ఎదురింటివాళ్ళు అలుపు తీర్చుకుంటోందేమో అనుకున్నారట. పాలకని బయల్దేరిన మా నాన్న పలకరిస్తే పలకలేదు.

అప్పటికి నా బల్ల మీద ఒక కట్ట రెజ్యూమేలు ఉన్నాయి. చెన్నైలో ఒక కంపెనీలో, ఉద్యోగాల కోసం వచ్చే కాగితాలు చదివి ఎవరిని పిలవాలో తేల్చడం నా పని. ఏ క్లబ్బులో సభ్యులు, ఏ సంఘానికి కార్యదర్శి అని రాసుకున్న లైను దగ్గర నా కళ్ళు కాసేపు ఆగుతాయి. అందులో నిజమెంతో, కలిపి చెప్పిందెంతో ఇట్టే పట్టేస్తానని ఆఫీసులో నాకు పేరు. నా మొహం! దొంగకు కాక ఇంకెవరికి తెలుస్తుంది ఆ దారి? కాగితాలన్నీ అలాగే వదిలేసి బస్సెక్కాను. దారి పొడవునా ఏడ్చాను. పక్క సీటావిడ నీళ్ళ సీసా చేతికిచ్చి, ఎవరు పోయారని అడిగింది. "పక్కింటావిడ," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇంకా ఏడుపొచ్చింది.

నిజమే, అత్త మాకు చుట్టం కాదు. మా పక్కింటి ముందుగదిలో ఆమె కొట్టు. ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి ఒక బెంచీ. మా వీధి పిల్లలు కాలేజీ అయిపోగానే వచ్చి కూర్చునేది ఆ బెంచీ మీదే. ఎవరికి ఉద్యోగం కావాలన్నా రెజ్యూమే అత్తే టైపు చేయాలి. మొదలుపెట్టే ముందు రెండు చేతులూ చీరకు తుడుచుకునేది. తప్పు పడితే నాలుక కరుచుకునేది. ప్రింటు తీసిన కాగితాన్ని వేడి ఆరకముందే చెంపకు ఆనించుకుని, ఆ తర్వాతే మన చేతిలో పెట్టేది. అదేం అలవాటు అత్తా అని ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది.

అత్తకు నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయేది. ఆగిన మాటను బయటికి తేవడానికి కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి యాతన పడేది. ఎదుటివాళ్ళకు అంత ఓపిక ఎక్కడ? ఆ మాటేదో తామే పూర్తి చేసేసేవాళ్ళు. అది ఆమెకు అస్సలు నచ్చేది కాదు. కానీ వాళ్ళు తప్పుగా పూర్తి చేసినా తల ఊపి ఊరుకునేది. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం కంటే ఆ తప్పే నయం అనుకునేదేమో. అందుకే చాలా సంగతులు చీటీల మీద రాసేది. పాడైన జిరాక్సు కాగితాలు చింపి, వెనకవైపు పెన్సిలుతో, తమిళంలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ చదవడం, రాయడం రాదు. మా వైపు ఇళ్ళలో చాలామంది అంతే. నాకు ఈ అక్షరాలు వచ్చాయంటే నెల్లూరు వైపు నుంచి కోడలిగా వచ్చిన మా అమ్మ చలవ.

నేను బీకాం పాసై మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. మూడూ పోయాయి. నోరు తెరిస్తే కదా ఉద్యోగం ఇవ్వడానికి! నాతో చదివిన ఒకమ్మాయి అప్పుడొక ఉపాయం చెప్పింది. రెజ్యూమేలో నాలుగు క్లబ్బుల పేర్లు రాయి, చురుకైన పిల్ల అనుకుంటారు అని. నేను సంబరంగా వచ్చి బెంచీ మీద కూర్చుని, పుస్తకాలు చదివే క్లబ్బు, చెట్లు నాటే సంఘం, రక్తదాతల సంఘం, నలుగురిలో మాట్లాడడం నేర్పే సంఘం, అన్నిట్లో సభ్యురాలినని వరసగా చెప్పేశాను. అత్త మారుమాట లేకుండా అన్నీ టైపు చేసింది. చేశాక కుర్చీ నా వైపు తిప్పింది.

"ర... రక్తం ఎప్పుడిచ్చినావు మే?"

"ఇయ్యలేదు."

"చె... చెట్టు యాడ నాటినావు?"

"అందరూ ఇట్లనే రాస్తారత్తా. ఎవురూ అడగరు."

"అ... అడిగితే?"

నేను గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఆమె ఒక్కొక్క లైనే చెరిపేసుకుంటూ పోయింది. చివరిది మాత్రం ఉంచింది. "కాయితంలో పెట్టింది నోట్లోనించి రావాల. ఇ... ఇది ఉంచుతా. పోయి చేరు. చేరినాక ప్రింటు తీస్తా," అంది. ఈ మాటలు చెప్పడానికి ఆమెకు ఎంతసేపు పట్టిందో మీరు ఊహించుకోండి. అంతసేపూ నేను ఆమె ముఖం వైపే చూస్తూ కూర్చోక తప్పలేదు. బతిమాలాను, అలిగాను, వేరే కొట్టుకు పోతానని బెదిరించాను. పొమ్మంది. ఎక్కడికి పోతాను?

ఆ సంఘంవాళ్ళు నెలనెలా కరపత్రం జిరాక్సు తీయించుకునేది అత్త దగ్గరే. పట్నంలో ఒక బడి హాల్లో ఆదివారం సాయంత్రాలు కలుస్తారని ఆమెకు తెలుసు. మా నాన్నకు చెబితే, "తెలియనోళ్ళ మధ్యన ఆడపిల్ల నిలబడి మాట్లాడేదా? ఏంది ఆ చోద్యం?" అని లేచాడు. అత్త చీటీ రాసి ఆయన చేతికిచ్చింది. నేనూ పోతా అని అందులో ఉంది. ఎవరి మాటా వినని మా నాన్న, ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకుని ఊరుకున్నాడు.

ఆ సంఘంలో ఒక నియమం ఉండేది. కొత్తవాళ్ళు ఎవరూ ఊరికే వచ్చి కూర్చోకూడదు, తోడుకు వచ్చినవాళ్ళయినా సరే. లేచి నిలబడి ఒక నిమిషంలో తమ గురించి చెప్పాలి. ఒకరు టైము చూస్తుంటారు. నిమిషం కాగానే గంట కొడతారు. గంట కొట్టాక ఎంత పెద్దవాళ్ళయినా కూర్చోవాల్సిందే. ఇదంతా మాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నేను నా పేరు, మా పేట పేరు గొణిగేసి, ఎవరో తరుముతున్నట్టు కూర్చున్నాను. తర్వాత అత్త వంతు.

ఆమె లేచింది. కొంగు సర్దుకుంది. కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తింది. పేరులోని మొదటి అక్షరం దగ్గర నిలిచిపోయింది. ఎవరూ నవ్వలేదు, అది మాత్రం చెప్పాలి. లేచి ఆమె పేరు నేనే చెప్పేద్దామా అనిపించింది, కానీ ఆమెకు అది నచ్చదని తెలుసు. ఇంతలో గంట మోగింది. టైము చూసే మనిషి ఏమీ ఆలోచించకుండా, అలవాటు కొద్దీ కొట్టేశాడు. తన పేరు తను చెప్పకుండానే అత్త కూర్చుంది. ఆ మనిషి నాలుక కరుచుకుని, సభ అయ్యాక వచ్చి చేతులు పట్టుకుని క్షమించమని అడిగాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి ఏడుస్తుంటే అత్త నా తొడ మీద గిల్లింది. "నా పేరుకి ఒక నిమిషం చా... చాల్లేదు మే," అని పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నేనూ నవ్వాను. ఆ వయసులో నాకు అంతకంటే తెలియలేదు.

మరుసటి ఆదివారం ఆమె అధ్యక్షురాలికి ఒక చీటీ ఇచ్చింది. గంట కొట్టే పని నాకివ్వండి అని. అప్పటినుంచి గంట, టైము చూసే గడియారం ఆమె చేతిలోనే ఉండిపోయాయి. నేను మాట్లాడడం నేర్చుకున్నది ఆ చేతుల వల్లే. నా మొదటి ప్రసంగం మా వీధి కుళాయి గురించి. మూడు నిమిషాల ప్రసంగంలో సగం నోరు వెళ్ళబెట్టి నిలబడడమే. అయినా గంట మోగలేదు. నెలలు గడిచాక బ్యాంకులో పనిచేసే ఒకాయన కనిపెట్టాడు. మాట్లాడేవాళ్ళు మధ్యలో తడబడి ఆగిపోయినప్పుడల్లా అత్త గడియారం ఆపేస్తోంది. వాళ్ళ నోట మళ్ళీ మాట వచ్చాకే దాన్ని కదిలిస్తోంది. ఇది నియమం కాదు కదమ్మా అని ఆయన అడిగితే అత్త లేచి, "ఆ... ఆగింది మాట్లాడినట్టు కాదు," అంది. ఆ తర్వాత దాని గురించి ఎవరూ అడగలేదు.

చేరిన మూడో నెలలో నా రెజ్యూమే ప్రింటు తీసి, చెంపకు ఆనించుకుని ఇచ్చింది. పట్నంలో ఒక చిన్న ఉద్యోగం దొరికింది. ఆ సంఘం గురించి అడిగారు. నేను కుళాయి గురించి మాట్లాడానని చెబితే ఇంటర్వ్యూ చేసేవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. వచ్చి అత్తకు చెబితే, చూసినావా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేసింది.

రెండేళ్ళకు సంఘం మూతపడింది. అధ్యక్షురాలికి మోకాళ్ళ ఆపరేషన్ అయింది, బడివాళ్ళు హాలు ఇవ్వలేమన్నారు. పోతే పోయిందిలే అనుకున్నాను నేను. అత్త అనుకోలేదు. తన మిద్దె మీద రేకుల షెడ్డు ఉంది కదా, అక్కడ మొదలుపెడదామంది. "ఎవురొస్తారత్తా? నీకేం పని లేదా?" అన్నాను. నిజంగా ఇదే అన్నాను. ఫోన్లో మాట్లాడడం ఆమె వల్ల కాదు కదా, అందుకని పాత సభ్యులకు, కొత్తగా డిగ్రీలు చదివే పిల్లలకు చీటీలు రాసింది. అవి పట్టుకుని అరియాంకుప్పం వెళ్ళింది, బస్సు మారి బాహూరు వెళ్ళింది, ఇంటింటికీ తిరిగి చేతికిచ్చి వచ్చింది. పక్క వీధిలో పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే షాపు నుంచి కుర్చీలు ఒక్కొక్కటే మిద్దె మీదికి మోసింది. మొదటి ఆదివారం వచ్చింది నేను, జిరాక్సు కోసమని వస్తే అత్త పైకి తోలిన ఇద్దరు. ఆరు నెలలు తిరిగేసరికి కుర్చీలు చాలలేదు. అత్త అందరికీ శనగలు ఉడికించి సుండల్ చేసి తెచ్చేది. తను ఒక మూల కూర్చుని గడియారం పట్టుకునేది. నేను ముందు నిలబడి గడగడా మాట్లాడేదాన్ని. వచ్చినవాళ్ళు నన్ను మెచ్చుకుంటుంటే ఆమె మురిసిపోయేది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇక్కడినుంచి రాయడానికి చెయ్యి రావడం లేదు.

చెన్నైలో ఇప్పుడు నేను చేస్తున్న ఈ ఉద్యోగానికి ప్రకటన వచ్చింది. రెజ్యూమే కొత్తగా టైపు చేయించుకోవాలి. ఒట్టి సభ్యురాలు అని రాస్తే ఏం బరువుంటుంది? పదిమందిని కూడగట్టే మనిషి కావాలని ప్రకటనలో ఉంది. నేను అత్త వెనక నిలబడి, "వ్యవస్థాపక కార్యదర్శి అని పెట్టత్తా," అన్నాను. మామూలుగా, ఉప్పు అందుకోమన్నట్టు.

ఆమె వేళ్ళు ఆగాయి. తల తిప్పి నన్ను చూసింది. నేను వీధి వైపు చూశాను. అప్పుడామె ఒక్క మాట అని ఉంటే, కాయితంలో పెట్టింది నోట్లోనించి రావాల అని ఒక్కసారి గుర్తు చేసి ఉంటే, చెరిపించేదాన్ని. ఆమె అనలేదు. చేతులు చీరకు తుడుచుకుని, ఆ లైను టైపు చేసింది. అక్షరదోషం ఉందేమోనని రెండుసార్లు చూసింది. ప్రింటు తీసి, ఎప్పటిలాగే చెంపకు ఆనించుకుని ఇచ్చింది.

ఇంటర్వ్యూలో ఆ లైను దగ్గరే ఆగారు. సంఘం ఎలా పెట్టారో చెప్పమన్నారు. చెప్పాను. చీటీలు రాశానని చెప్పాను. అరియాంకుప్పం, బాహూరు తిరిగానని చెప్పాను. కుర్చీలు మిద్దె మీదికి మోశానని, మొదటి వారం ముగ్గురే వచ్చారని, అయినా వదల్లేదని చెప్పాను. ఎక్కడా తడబడలేదు. తడబాటు లేకుండా మాట్లాడడం నాకు నేర్పిన మనిషి చేసిన పనంతా నా పేరున చెప్పుకున్నాను. వాళ్ళు ముగ్ధులైపోయారు. ఛీ!

ఉద్యోగం వచ్చిందని మైసూరుపాకు తీసుకుని వెళితే అత్త నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. "సం... సంఘం గురించి అడిగినారా?" అంది.

"అడిగినారు."

"ఏం చె... చెప్పినావు?"

"చీటీలు, బాహూరు, కుర్చీలు... అంతా చెప్పినా," అన్నాను తల వంచుకుని.

"బా... బాగా చెప్పుంటావు," అంది అత్త. ఆ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని ఎంత వెతికినా దొరకలేదు. మైసూరుపాకు తుంచి నా నోట్లో పెట్టింది. అది మింగడానికి నేను పడ్డ అవస్థ దేవుడికి తెలుసు.

ఆ తర్వాత ఆదివారాలు నేను మిద్దె ఎక్కలేదు. పని ఎక్కువని చెప్పాను, బస్సులు దొరకవని చెప్పాను. అసలు సంగతి నాకు ముఖం చెల్లకపోవడం. నాలుగేళ్ళు అలా గడిచాయి. పాండిచ్చేరి వచ్చినప్పుడల్లా ఈసారి క్షమించమని అడగాలి అనుకునేదాన్ని. కొట్టు ముందు నిలబడి, బాగున్నావా అత్తా అని అడిగి, ఇంట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నలుగురిలో గంటసేపు మాట్లాడగలను, ఆమెతో ఆ ఒక్క ముక్క చెప్పలేకపోయాను.

రెండు నెలల కిందట ఒక శనివారం అడిగే తీరాలనుకుని కొట్టులోకి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. బయట నన్ను చెన్నై తీసుకెళ్ళాల్సిన స్నేహితురాలి కారు హారన్ కొడుతోంది. నేను గొంతు సవరించుకునేలోపే అత్తే మొదలుపెట్టింది. "నీకు ఒ... ఒకటి చె... చె..." కళ్ళు మూసుకుంది. గడ్డం ఎత్తింది. హారన్ మళ్ళీ మోగింది. నేను లేచాను. "ఆదివారాలు రావడం లేదనే కదా అత్తా? వస్తాలే, వచ్చే నెల తప్పకుండా వస్తా," అని ఆమె మాట నేనే పూర్తి చేసేశాను. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసింది. తల ఊపింది. "స... సరి, పో. బండి నిలబడి ఉండాది," అంది. మళ్ళీ మొదలుపెట్టలేదు.

అదే ఆఖరు. ఊళ్ళోవాళ్ళంతా చేసే పనే చేశాను. నా కోసం ఎన్ని వారాలు గడియారం ఆపిన మనిషి! నేను అర నిమిషం ఆగలేకపోయాను.

బుధవారం మధ్యాహ్నం బస్సు దిగి మా వీధి మలుపు తిరిగేసరికి కరెంటు స్తంభానికి ఫ్లెక్సీ కట్టి ఉంది. మా ఊళ్ళో ఎవరు పోయినా కడతారు. అత్త ఫొటో, పైన కన్నీటి అంజలి అని తమిళంలో పెద్ద అక్షరాలు. కింద, కన్నీళ్ళతో అర్పించేవారి పేర్లు. మొట్టమొదటి పేరు నాది. ఇనీషియలుతో సహా. పక్కన, సంఘ స్థాపకురాలు అని ఉంది. ఆ తర్వాతే మిగతా సభ్యుల పేర్లు. నేను అక్కడే ఆగిపోయాను. నాన్న వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళే వరకు కదల్లేకపోయాను. అత్తను ముందుగదిలోనే పడుకోబెట్టారు, కంప్యూటరు బల్ల పక్కన. నేను వంగి నా చెంప ఆమె చెంపకు ఆనించాను. చల్లగా ఉంది. క్షమించు అత్తా అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు.

ఆదివారం సాయంత్రం మిద్దె మీద సంతాప సభ పెట్టారు. నాలుగేళ్ళ తర్వాత ఆ మెట్లెక్కాను. పన్నెండుమంది ఉన్నారు, ఒక్కరూ తెలిసినవాళ్ళు కారు, పాతవాళ్ళంతా ఉద్యోగాలు దొరికి తలో ఊరు వెళ్ళిపోయారట, వీళ్ళు నేను వెళ్ళాక చేరినవాళ్ళే. నన్ను చూడగానే అందరూ లేచి నిలబడ్డారు. యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒక గుమాస్తా ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు.

"రండి మేడమ్. మిమ్మల్ని చూడ్డం ఇదేనండి. అత్తగారు చెబుతుంటే వినడమే."

"ఏం చెప్పేది?" అన్నాను.

"కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు ఆవిడే లేచేవారండి. మామూలుగా ఆవిడ నిలబడి మాట్లాడరు కదండి. ఇదొక్కటే మాట్లాడేవారు. ఈ సంఘం పెట్టింది మా పక్కింటి పిల్ల. చీటీలు రాసింది, అరియాంకుప్పం తిరిగింది, బాహూరు తిరిగింది, ఈ కుర్చీలన్నీ మోసింది. ముగ్గురే వచ్చినా వదిలిపెట్టలేదు, అని. ఈ నాలుగు ముక్కలకి ఆవిడకి ఒక్కోసారి పది నిమిషాలు పట్టేదండి. చెమటలు కారిపోయేవి. మేమెవరం మధ్యలో ఒక్క మాటా అందించేవాళ్ళం కాదండి. ఆవిడకి నచ్చదు కదా."

అతను హాజరు పుస్తకం తెచ్చి చూపించాడు. అట్ట మీద, ప్రతి నెలా అచ్చయ్యే కరపత్రం అడుగున, స్థాపకురాలిగా నా పేరు. అత్త టైపు చేసిందే. నా కాగితంలో తను టైపు చేసిన ఆ ఒక్క లైను అబద్ధం కాకుండా ఉండాలని, పేరు చెప్పడానికి నిమిషం చాలని మనిషి, నాలుగేళ్ళుగా ఎవరొస్తే వాళ్ళ ముందు నిలబడి దాన్ని తన నోట్లోనించి తెచ్చింది.

నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. ఉన్నది ఉన్నట్టు అంతా చెప్పాను. సంఘం పెట్టింది ఆమె అని, చీటీలు, బాహూరు, కుర్చీలు ఆమెవేనని, ఎవరొస్తారత్తా అని వెక్కిరించింది నేనని, ఉద్యోగం కోసం అదంతా నాదని చెప్పుకున్నానని చెప్పాను. తమిళంలో చెప్పాను, తెలుగులో చెప్పాను. చెప్పి చేతులు జోడించాను. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఒక అమ్మాయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

గుమాస్తా నా దగ్గరికి వచ్చాడు. "అత్తగారు ముందే చెప్పారండి. ఆ పిల్ల ఎప్పుడన్నా వస్తే, నేను కాదు, అంతా అత్తే చేసింది అంటుంది, మీరు నమ్మొద్దు అని."

"కాదండీ, నిజంగానే..." అన్నాను. ఏడుపు అడ్డం పడింది. వాళ్ళు నన్ను ఇంకా గౌరవంగా చూశారు. నా మాట నిజమని చెబితే వాళ్ళు నమ్మే మనిషి ఒక్కతే ఉండేది. ఆమె ఫొటోకు దండ వేసి ఉంది.

ఫొటో పక్కన ఒక కుర్చీ వేసి ఉంచారు. సంఘం పెట్టిన మనిషి వస్తే అందులోనే కూర్చోవాలని, ఆమె కూర్చున్నాకే మిగతావాళ్ళు కూర్చోవాలని అత్త చెప్పి పెట్టిందట. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఆ కుర్చీని తుడిచి ఖాళీగా ఉంచేవాళ్ళట. "కూర్చోండి మేడమ్," అన్నాడు గుమాస్తా. నేను కూర్చోలేదు. మీరు కూర్చోండి అన్నాను అందరితోనూ. ఎవరూ కూర్చోలేదు. రేకుల మీద ఎండ తగ్గింది. పన్నెండుమందీ చేతులు కట్టుకుని, నా వైపే చూస్తూ, నేను కూర్చుంటే కూర్చుందామని నిలబడే ఉన్నారు.